పావ్ కాసల్స్: బార్సెలోనా విద్వాంసుడు

(ఫిడేలు మాస్టారి స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ సభలో ఎప్పుడూ మన వాగ్గేయకారుల గురించో, మన వైణికుల గురించో చెప్పుకుంటూ వచ్చాం. ఈసారి ఒక పాశ్చాత్య చెల్లో విద్వాంసుడి గురించి మాట్లాడతానని అడిగితే నిర్వాహకులు వెంటనే సరేనన్నారు. వారికి కృతజ్ఞతలు. మాస్టారు కచేరీల్లో ఫిడేలు వాయించారు, హరికథలకు పక్కవాద్యం పట్టారు, నాటక సమాజాలకు వరసలు కట్టారు, బడి పిల్లలకు సరళీ వరుసలు చెప్పారు, త్యాగరాజ ఉత్సవాలకు ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేశారు. అలాంటి మనిషిని తలచుకునే రోజున, సంగీతంతో ఇన్ని రకాల పనులూ చేసి, అన్నిటినీ తన సీమకే అంకితమిచ్చిన మరొకరి గురించి చెప్పుకోవడం సబబే అనిపించింది.

ఆయన పేరు పావ్ కాసల్స్. బయటి ప్రపంచం పాబ్లో కాసల్స్ అంది. 1876 డిసెంబరు 29న స్పెయిన్‌లోని కాటలోనియాలో, ఎల్ వెండ్రెల్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. 1973 అక్టోబరు 22న ప్యూర్టోరికోలో, సాన్ హువాన్ నగరంలో కన్నుమూశారు. తొంభై ఆరేళ్ళ జీవితం. పుస్తకాల్లో ఆయన్ని ఎక్కువగా చెల్లో చేతబట్టి దేశదేశాలు తిరిగిన ఒంటరి వాద్యకారుడిగానే చూపిస్తారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ నా దృష్టిలో ఆయన జీవితానికి ఆయువుపట్టు 1920 నుంచి 1936 దాకా బార్సెలోనాలో గడిచిన కాలం. అంతకు ముందు నేర్చిందంతా, సంపాదించిందంతా అక్కడ ఖర్చుపెట్టారు. ఆ తర్వాత పడిన బాధంతా అది చేజారినందుకే. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే.

చెల్లో పేరు మనలో చాలామందికి కొత్త కావచ్చు, నాదం మాత్రం కొత్త కాదు. మద్రాసు స్టూడియోల్లో తయారైన తెలుగు సినిమా పాటల్లో, ఫిడేళ్ళ గుంపుకు అడుగున బరువుగా, మగగొంతులా వినిపించేది అదే. నాలుగు తీగలు. ఒక్కో తీగకూ పై తీగ పంచమంలో పలుకుతుంది. తీగ పొడవు ఫిడేలు తీగకు రెట్టింపు పైచిలుకు. వాద్యకారుడు కూర్చుని, వాద్యాన్ని మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయిస్తాడు.

కాసల్స్ తండ్రి కార్లెస్ వెండ్రెల్ చర్చిలో ఆర్గన్ వాయించేవారు, గాయకబృందాన్ని నడిపేవారు. కొడుక్కి పాట, పియానో, ఫిడేలు, ఆర్గన్ తనే నేర్పారు. ఒకసారి ఊళ్ళోకి తిరుగుడు కళాకారులు వచ్చి చిత్రచిత్రమైన వాద్యాలు వాయిస్తుంటే, చీపురుకర్రకు తీగలు బిగించిన ఒకదాని మీద పిల్లవాడి మనసు పడింది. తండ్రి ఒక బుర్ర తెచ్చి, దానికి కర్ర బిగించి, తీగ కట్టి అలాంటిదే చేసి ఇచ్చారు. తంబురాకూ వీణకూ బుర్ర బిగించే మనకు ఇందులో వింతేమీ లేదు. కాసల్స్ మాత్రం ఆ బుర్ర వాద్యాన్ని జీవితమంతా అపురూపంగా చూసుకున్నారు. అసలైన చెల్లోను ఆయన చూసింది పదకొండో ఏట, జోసెప్ గార్సియా వెండ్రెల్‌లో కచేరీ చేసినప్పుడు. ఇక నాకిదే కావాలన్నాడు కుర్రాడు. సంగీతంతో పొట్ట గడవదు, వడ్రంగం నేర్పిద్దామన్నారు తండ్రి. తల్లి పిలార్ ఒప్పుకోలేదు. ఆవిడ ప్యూర్టోరికోలో మాయగ్వేస్ అనే ఊళ్ళో, కాటలన్ దంపతులకు పుట్టిన మనిషి. 1888లో కొడుకు చెయ్యి పట్టుకుని బార్సెలోనా తీసుకుపోయి మునిసిపల్ సంగీత పాఠశాలలో చేర్పించింది. గార్సియాయే గురువయ్యారు. ఆ తల్లి మొండితనం లేకపోతే ఈ రోజు మనకు ఈ కథే లేదు.

చదువుకుంటూనే గ్రాసియా పేటలో కఫే తోస్త్ అనే చోట రాత్రిళ్ళు వాయించి డబ్బు సంపాదించేవారు. జనం కాఫీ తాగుతూ వినే తేలిక పాటలవి. కొన్నాళ్ళకు యజమానిని బతిమాలి వారానికో రాత్రి శాస్త్రీయ సంగీతానికి కేటాయింపజేశారు. అప్పటికింకా నూనూగు మీసాల వయసు. మామూలు శ్రోతకు గొప్ప సంగీతం వినిపించాలన్న పట్టుదల ఆ కఫేలోనే మొదలైందని నా నమ్మకం. స్వరకర్త అల్బెనిజ్ ఆయన్ని విన్నదీ అక్కడే. మాడ్రిడ్‌లో రాణి దగ్గర పలుకుబడి ఉన్న మోర్ఫీ ప్రభువుకు పరిచయ లేఖ రాసి ఇచ్చారు.

1890లో, పదమూడో ఏట, తండ్రీకొడుకులు రేవు దగ్గర ఒక పాత సంగీత పుస్తకాల దుకాణంలో వెతుకుతుంటే స్వరకర్త బాఖ్ చెల్లో సూట్లు ఆరూ ఉన్న సంపుటం దొరికింది. సుమారు 1720 నాటి రచనలవి. పక్కవాద్యం లేకుండా చెల్లో ఒక్కటే వాయించాలి. మొదట ఒక ప్రెల్యూడ్, ఆ వెనక వరసగా నాటి నృత్యాలు. అప్పట్లో వాటిని వేళ్ళ కసరత్తు పాఠాలుగానే చూసేవారు. వాయించినా ఒక ముక్కో రెండు ముక్కలో వాయించి వదిలేసేవారు. కాసల్స్ పన్నెండేళ్ళకు పైగా వాటిని ఇంట్లోనే సాధన చేసి, ఆ తర్వాతే సభలో పెట్టారు. అదీ ఒక సూట్‌ను ఆదినుంచి అంతందాకా, తుంచకుండా. ఈ రోజు ప్రపంచంలో ఏ చెల్లో విద్యార్థికైనా ఆ ఆరు సూట్లే మూలగ్రంథం. ఆ హోదా వాటికి తెచ్చిపెట్టింది ఆయన సాధనే.

ఇక్కడ ఆయన చేతుల గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఫిడేలు నేర్చుకుంటున్న పిల్లలు ముందు వరసలో ఉన్నారు కాబట్టి మరీను. ఆ రోజుల్లో చెల్లో నేర్పేటప్పుడు శిష్యుడి కుడి చంకలో ఒక పుస్తకం పెట్టించేవారు. అది జారిపడకుండా కమాను లాగాలి. అంటే మోచేయి ఒంటికి అతుక్కుని, కదలికంతా మణికట్టుకే పరిమితమయ్యేది. కాసల్స్ విద్యార్థిగా ఉండగానే చెయ్యిని విడిపించుకున్నారు. భుజం నుంచి మొత్తం చెయ్యి కదిలితే కమాను బరువు తీగ మీద సమంగా పడుతుంది, కమాను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నాదం తెగదు.

ఎడమచేతి సంగతి ఇంకా ముఖ్యం. చెల్లో మీద చెయ్యి ఒకచోట పెడితే చూపుడువేలు నుంచి చిటికెనవేలు దాకా మామూలుగా అందేది మూడు అర్ధస్వరాల దూరమే. ఆ పై స్వరం కావాలంటే చేతినే జరపాలి. జరిపిన ప్రతిసారీ తీగ మీద ఈడ్పు వినిపించేది, అవసరం ఉన్నా లేకపోయినా. కాసల్స్ వేళ్ళను విప్పి చాచి, చెయ్యి జరపకుండానే దూరపు స్వరాన్ని అందుకునే పద్ధతి స్థిరపరిచారు. దాంతో జారు అనేది వాద్యకారుడి ఇష్టం మీద ఆధారపడిన అలంకారమైంది. కావలసిన చోట వేస్తాడు, అక్కర్లేని చోట శుభ్రంగా మానేస్తాడు.

మూడోది శ్రుతి. పియానోలో స్వరస్థానాలు బిగించి ఉంటాయి. తీగవాద్యానికి ఆ కట్టుబాటు లేదు, ఉండకూడదు అనేవారు కాసల్స్. నిషాదం పై షడ్జం వైపు మొగ్గుతున్నప్పుడు దాన్ని పియానో స్థానం కంటే కాస్త పైకి పట్టాలి, రెండు స్వరాల మధ్య అర్ధస్వరం బాగా దగ్గరగా పలకాలి అని శిష్యులకు గట్టిగా చెప్పేవారు. తోడి గాంధారం ఎక్కడ పలుకుతుందో తెలిసిన మన శ్రోతలకు ఈ మాట విప్పి చెప్పనక్కర్లేదు. పాశ్చాత్య విద్వాంసుల్లో ఇంత తెగేసి చెప్పినవారు ఆ కాలంలో అరుదు. మన సంప్రదాయంలో పెరిగినవాళ్ళు కాసల్స్‌ను వింటే త్వరగా దగ్గరవడానికి ఇదొక కారణమని నాకు అనిపిస్తుంది.

మాడ్రిడ్‌లో రాణి మరియా క్రిస్తీనా ఇచ్చిన భృతి మీద చదివారు. 1895లో బ్రస్సెల్స్ వెళితే అక్కడి చెల్లో ఆచార్యుడు తరగతిలో అందరి ముందూ ఎగతాళి చేశాడట. వాయించి చూపించాక ఆ ఆచార్యుడే చేర్చుకుంటానన్నా కాసల్స్ ఒప్పుకోకుండా పారిస్ వెళ్ళిపోయారు. భృతి ఆగిపోయింది, కొన్నాళ్ళు పస్తులున్నారు. 1899లో లామూరో ఆర్కెస్ట్రాతో చేసిన కచేరీలతో పారిస్‌లో పేరు మోగింది, ఆ ఏడే విక్టోరియా రాణి ముందు వాయించారు. ఆపై అమెరికా, రష్యా, దక్షిణ అమెరికా. పియానోకు కోర్తో, ఫిడేలుకు తిబో, చెల్లోకు కాసల్స్: ఈ ముగ్గురి జట్టు పాతికేళ్ళకు పైగా సాటిలేనిదనిపించుకుంది. ఈ ఘనత గురించి పుస్తకాలకు పుస్తకాలే ఉన్నాయి, నేను ఇంతటితో వదిలేస్తాను.

మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక ఆయన తిరిగి బార్సెలోనా చేరారు. పారిస్‌లోనో న్యూయార్క్‌లోనో హాయిగా ఉండిపోవచ్చు. కానీ తన రాజధానికి నిలకడగా నడిచే మంచి ఆర్కెస్ట్రా లేదన్నది ఆయన్ని తినేసింది. ఉన్నవాటికి సాయం చేస్తానని అడిగారు. ఈ ఊళ్ళో అంతకు మించి పలికే వాద్యకారులు లేరన్నారు వాళ్ళు. అయితే నేనే తయారుచేస్తానని ఎనభైమందికి పైగా వాద్యకారులను పోగుచేశారు. చాలామంది సినిమాహాళ్ళలో, కఫేల్లో వాయించి బతుకు వెళ్ళదీసేవారు. వాళ్ళకు ఊళ్ళో నడుస్తున్న రేటు కంటే బాగా ఎక్కువ జీతం ఇచ్చారు. రిహార్సళ్ళు మొదలయ్యే సమయానికి ఆయనే జబ్బుపడ్డారు. అయినా రోజూ వేళకు వచ్చి కూర్చోండి, జీతాలు అందుతాయి అని కబురు పంపారు. 1920 అక్టోబరు 13న పలావు దె లా మూసికా కాటలానా భవనంలో పావ్ కాసల్స్ ఆర్కెస్ట్రా మొదటి కచేరీ జరిగింది. తమ్ముడు ఎన్రిక్ ఫిడేలు వరసలో ఉన్నారు. మొదటి కొన్నేళ్ళూ లోటు మొత్తం ఆయన చెల్లో సంపాదనలోంచే పూడింది. అమెరికాలో వాయించిన డబ్బు బార్సెలోనాలో ట్రాంబోన్ వాద్యకారుడి ఇంటి అద్దె అయ్యేది.

మనకు దీనికి దగ్గరగా తోచేది విజయనగరం. 1919లో అక్కడ మహారాజావారి సంగీత కళాశాల వెలిసింది. ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులు, ఇరవై ఆరేళ్ళ ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు ఆచార్యులు. సముద్రాలకు ఆవల ఒకరు, ఈవల వీరు, ఒకే కాలంలో తమ సీమలో సంగీతానికి ఒక ఇల్లు కట్టారు. తేడా ఒక్కటే: విజయనగరానికి మహారాజు ఉన్నారు, బార్సెలోనాకు ఒక వాద్యకారుడి జేబు.

ఆర్కెస్ట్రా నిలదొక్కుకున్నాక ఆయన్ని మరో బాధ పట్టుకుంది. పలావులో టిక్కెట్టు కొనగలిగేది ఉన్నవాళ్ళే. బార్సెలోనా మిల్లుల ఊరు. ఆ మిల్లుల్లో పనిచేసే వాళ్ళకు ఈ సంగీతం ఎలా అందాలి? ఉచిత కచేరీలు పెట్టవచ్చు. కాసల్స్ అది చేయలేదు. కార్మిక నాయకుల దగ్గరికి వెళ్ళి, సంఘం మీరే పెట్టుకోండి, మీరే నడుపుకోండి, ఆర్కెస్ట్రాను నేను తెస్తానన్నారు. దొరల దానం మాకొద్దని మొదట అనుమానించారు వాళ్ళు. 1926లో కార్మికుల కచేరీ సంఘం ఏర్పడింది. నెలకు 500 పెసెటాల లోపు సంపాదించే వాళ్ళకే సభ్యత్వం. చందా ఏడాదికి 6 పెసెటాలు. కచేరీలు ఆదివారం పూట, సెలవురోజు కాబట్టి. మొదటి కచేరీకి రెండువేలకు పైగా జనం నిండారు. సంఘం కొన్నాళ్ళకు సొంత పత్రిక వేసింది, గ్రంథాలయం పెట్టింది, సంగీత తరగతులు నడిపింది, కార్మికులతోనే గాయకబృందం తయారుచేసింది.

ఈ సంఘం గురించి చదివినప్పుడల్లా నాకు మన సభల సంగతి గుర్తుకొస్తుంది. వింటున్నది కార్మికులే కదా అని ఆర్కెస్ట్రా తగ్గించి వాయించలేదు, తేలిక పాటలు ఏరలేదు. పలావులో ధనికులు విన్న బీథోవెన్‌నే, అదే వాద్యకారుల చేత, అంతే శ్రద్ధగా వినిపించింది. కొత్త బాట పట్టిన స్వరకర్త షోయెన్‌బెర్గ్ బార్సెలోనాలో ఉన్న 1932లో ఆయన, ఆయన బాటలోనే నడిచిన వెబెర్న్ ఇద్దరూ ఈ ఆర్కెస్ట్రాను నడిపారు. 1927లో బీథోవెన్ శతవర్ధంతికి వృద్ధుడైన ఇజాయి వచ్చి ఫిడేలు కంచెర్టో వాయించారు, కాసల్స్ నడిపారు. షోయెన్‌బెర్గ్ లాంటివారి కొత్త సంగీతమంతా కాసల్స్‌కు నచ్చిందని కాదు. స్ట్రావిన్‌స్కీ బాటా షోయెన్‌బెర్గ్ బాటా ఆయన అభిరుచికి పడలేదు, ఆ మాట దాచుకోలేదు కూడా. తన అభిరుచికి అందనిదాన్ని తన ఊరికి అందకుండా చేయకపోవడం పెద్దమనసు. ఇదే కాలంలో స్వరరచనలూ చేశారు. కాటలన్లు చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడే సర్దానా నృత్యానికి చెల్లోల బృందం వాయించేలా సంగీతం కూర్చారు.

1931లో స్పెయిన్‌లో గణతంత్రం ఏర్పడిన సందర్భానికి మోంజుయిక్ కొండ మీద బీథోవెన్ తొమ్మిదో సింఫనీ నడిపించారు. అయిదేళ్ళకు, 1936 జులై 18 సాయంత్రం, మర్నాటి కచేరీకి అదే సింఫనీ రిహార్సల్ జరుగుతోంది. చివరి భాగం మొదలు కావాలి. గాయకబృందం సిద్ధంగా ఉంది. ఇంతలో ప్రభుత్వం నుంచి ఒక మనిషి చీటీ తెచ్చాడు: సైనిక తిరుగుబాటు మొదలైంది, కచేరీ రద్దు, అందరూ వెంటనే ఇళ్ళకు వెళ్ళండి. కాసల్స్ దాన్ని చదివి వినిపించారు. మళ్ళీ ఎప్పుడు కలుస్తామో తెలియదు, వెళ్ళేముందు పూర్తి చేద్దామా అని అడిగారు. చేద్దామన్నారు అందరూ. మానవులందరూ సోదరులని పాడే ఆ భాగాన్ని కడదాకా వాయించి, పాడి, వాద్యాలు సర్దుకుని చీకట్లో ఇళ్ళకు పోయారు. ఆ తర్వాత ఆర్కెస్ట్రా మునుపటిలా నడవనే లేదు. కార్మికుల సంఘమూ ఆ తిరుగుబాటు తెచ్చిన అంతర్యుద్ధంలో కలిసిపోయింది.

1938 అక్టోబరులో బాంబుల మధ్యనే లిసెయు నాటకశాలలో పిల్లల సహాయనిధికి కచేరీ చేసి, విరామంలో రేడియోలో ప్రజాస్వామ్య దేశాలను వేడుకున్నారు. ఎవరూ కదలలేదు. 1939 జనవరిలో బార్సెలోనా తిరుగుబాటు సేనాని ఫ్రాంకో సేనల వశమైంది. కాసల్స్ సరిహద్దు దాటి ఫ్రాన్సులోని ప్రాద్ అనే చిన్న ఊరు చేరారు. అక్కడి జనం భాషా కాటలనే. సముద్రపు ఒడ్డున ముళ్ళకంచెల శిబిరాల్లో ఆయన దేశస్థులు వేలకు వేలు మగ్గుతున్నారు. వాళ్ళకు దుప్పట్లు, తిండి, మందులు, డబ్బు పంపించడానికి రోజుల తరబడి ఉత్తరాలు రాస్తూ కూర్చున్నారు. చెల్లో పట్టాల్సిన చేత్తో రాతంతా స్వయంగా రాసేవారు. నాజీ అధికారులు ఇంటికి వచ్చి బెర్లిన్‌లో వాయించమంటే భుజం నొప్పని చెప్పి తప్పించుకున్నానని తర్వాత ఆయనే చెప్పారు.

రెండో ప్రపంచయుద్ధం గెలిచిన దేశాలు ఫ్రాంకోను కూడా దింపుతాయని నమ్మారు. 1945లో ఇంగ్లండులో హాళ్ళు నిండే కచేరీలు చేశారు. ప్రభుత్వాలు ఫ్రాంకో జోలికి పోవని అర్థమయ్యాక ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి ఇస్తామన్న గౌరవ పట్టాలు వద్దన్నారు. అమెరికా నుంచి వచ్చిన పెద్ద మొత్తాలూ వద్దన్నారు. ఇక బయట కచేరీ చేయనన్నారు. ఆ మౌనం వల్ల ఏ ప్రభుత్వమూ మారలేదు. డెబ్భయ్యో ఏట, చేతిలో నాదం పండి ఉన్న కాలాన్ని ఆయన అలా వదులుకున్నారు. దాన్ని వృథా అనేవాళ్ళున్నారు, నేనలా అనలేను. తన శ్రోతలు జైళ్ళలో, శిబిరాల్లో ఉండగా, వాళ్ళను అక్కడికి చేర్చిన పాలనతో చేతులు కలిపిన వాళ్ళ ముందు వాయించడానికి ఆయన చెయ్యి రాలేదు. 1926లో సంఘం పెట్టిన మనిషి మరోలా ఎలా ఉంటాడు?

1950లో బాఖ్ రెండువందలవ వర్ధంతికి ఫిడేలు విద్వాంసుడు అలెగ్జాండర్ ష్నైడర్ ఒక ఉపాయం చెప్పారు: మీరు రాకపోతే మేమే ప్రాద్‌కు వస్తాం. స్టెర్న్, సిగెటి, సెర్కిన్ లాంటి విద్వాంసులు ఆ మారుమూల పల్లెకు తరలివచ్చారు. ఊరి చర్చిలో మొదటి సూట్‌తో ఉత్సవం మొదలైంది. చర్చి కాబట్టి చప్పట్లు వద్దన్నారు. 1961లో ఆయన అమెరికా అధ్యక్షుడు కెనడీ ముందు వైట్ హౌస్‌లో వాయించినప్పుడు, ఫ్రాంకోను గుర్తించిన దేశంలో వాయించనన్న మాట ఏమైందని అడిగినవాళ్ళున్నారు. ప్రశ్న న్యాయమైనదే. కెనడీ మీద ఆశ పెట్టుకున్నానని ఆయన సమాధానం. సొంతగడ్డ విషయంలో మాత్రం సడలలేదు. 1955లో తనను ఏళ్ళ తరబడి చూసుకున్న ఫ్రాన్సెస్కా కాప్దెవీలా పోతే, ఆమె కోరిక ప్రకారం వెండ్రెల్‌లో మట్టిచేయడానికి వెళ్ళి వెంటనే వెనక్కి వచ్చేశారు. మళ్ళీ అడుగుపెట్టలేదు. ఫ్రాంకో ఈయన తర్వాత రెండేళ్ళు బతికాడు. కాసల్స్ అవశేషాలు వెండ్రెల్ చేరింది 1979లో.

తల్లి పుట్టిన ప్యూర్టోరికోలో చివరి పదిహేడేళ్ళు గడిపారు. 1957లో తన పేరిట జరిగే తొలి ఉత్సవానికి రిహార్సల్ చేస్తూ గుండెపోటుతో కూలిపోయారు. మిగతావాళ్ళు ఆయన స్థానాన్ని ఖాళీగా ఉంచి ఉత్సవం పూర్తిచేశారు. అప్పటికి ఎనభై దాటింది. కోలుకున్నాక ఆయన చేసిందేమిటో చూడండి: 1958లో ఆ దీవికి ఒక సింఫనీ ఆర్కెస్ట్రా, 1959లో సంగీత కళాశాల. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట బార్సెలోనాలో మొదలుపెట్టిన పనిని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఇప్పుడు మీకు మూడో సూట్ ప్రెల్యూడ్ వినిపిస్తాం. 1936 నవంబరులో లండన్‌లో రికార్డు చేసినది, అంటే ఆ జులై సాయంత్రం గడిచిన నాలుగు నెలలకు. ఇప్పటి వాద్యకారులు కొందరికి ఈ లయ మరీ స్వేచ్ఛగా ఉందనిపిస్తుంది, వినే చెవులు మీవి. శంకరాభరణం తెలిసినవారికి స్వరాలు ఇట్టే దొరుకుతాయి. పై షడ్జం నుంచి దిగుతూ వచ్చి అడుగు తీగ మీద షడ్జంలో వాలుతుంది. నడుమన చాలాసేపు పంచమాన్ని వదలకుండా పట్టుకుని, దాని మీద మిగతా స్వరాలు తిరుగుతాయి. ఫిడేలు పిల్లలు అక్కడ కమాను మీద మనసు పెట్టండి. తీగ మారినప్పుడు నాదం ఎక్కడైనా తెగిందేమో, చెయ్యి జరిగిన ఈడ్పు వినిపించిందేమో గమనించి, పాట అయ్యాక నాకు చెప్పండి.